గవ్వలపేట గంట మీద ఎవరి పేరు?

అనగనగా, ఎప్పుడని అడిగితే చెప్పలేను గానీ ఎక్కడని అడిగితే చెబుతాను, సముద్రపు ఒడ్డున గవ్వలపేట అనే ఊరు ఉండేది. ముందు సముద్రం, వెనక ఇసుక దిబ్బలు, మధ్యలో ఊరు. ఆ ఊళ్లో జాలరులు ఎక్కువ. కుమ్మరులు, వడ్రంగులు, తాళ్లు పేనేవాళ్లు కొందరు. కంచరి మాత్రం ఒక్కడే. అతని పేరు గురవాచారి.

కంచరి అంటే కంచు కరిగించి పాత్రలూ గంటలూ పోతపోసేవాడు. గురవాచారి చేతిలో గొప్ప పనితనం ఉండేది. మొహం మీద మాత్రం ఎప్పుడూ చిరాకు ఉండేది.

"అది చిరాకు కాదమ్మా, ఆలోచన" అని అతని భార్య బంగారమ్మ ఇరుగుపొరుగు వాళ్లకు సర్దిచెప్పేది. ఇంట్లోకి వచ్చాక, "ఆ ఆలోచన కాస్త తగ్గించవయ్యా, పిల్లలు దడుచుకుంటున్నారు" అనేది.

ఆ ఊరికి ఒక చిక్కు ఉంది. మాఘమాసం వచ్చిందంటే పొద్దున్నే సముద్రం మీద పొగమంచు కమ్ముకునేది. ఎంత మంచంటే, పడవ ముందు కూర్చున్నవాడికి వెనక కూర్చున్నవాడు కనబడడు. ఒడ్డుకు కాస్త దూరంలో, నీళ్ల మధ్య, నల్లబండ అని ఒక పెద్ద రాయి. మంచులో దారి తప్పిన పడవ దానికి కొట్టుకుంటే ఇక ముక్కలే.

అందుకని ఒడ్డున గట్టు మీద తాతల నాటి గంట ఒకటి ఉండేది. మంచు కమ్మినప్పుడు ఒడ్డున ఉన్నవాళ్లు కొయ్య సుత్తితో దాన్ని మోగించేవారు. ఆ మోత వచ్చే దిక్కు పట్టుకుని పడవలు ఇల్లు చేరేవి.

ఒక ఏడాది ఆ గంట పగిలిపోయింది. ఆ మాఘంలోనే మూడు పడవలు నల్లబండకు కొట్టుకున్నాయి. మనుషులు ఈదుకుంటూ బయటపడ్డారు, పడవలే పుల్లలు పుల్లలయ్యాయి.

ఆ సంగతి విని రాజుగారు తరంగసేనుడు గుర్రమెక్కి వచ్చాడు. వచ్చి, విరిగిన పడవలు చూసి, తల ఊపాడు.

"మీరు బండకేసి కొట్టుకుంటూ ఉంటే నేను కోటలో కూర్చుని చూడలేను. కొత్త గంట చేసుకోండి. అది నల్లబండ అవతలికి వినబడాలి. వచ్చే మాఘపౌర్ణమికి వస్తాను. గంట సరిగా మోగకపోతే ఊరు ఊరంతా మెట్టకు తరలిరావాలి. భూములిస్తాను, దున్నుకుని బతకండి."

ఊరిపెద్ద పోలయ్య చేతులు జోడించాడు. "మహారాజా, తమరి దయ గొప్పది. కానీ నాగలి ఏ కొసన పట్టుకోవాలో కూడా మాకు తెలియదు!"

"అయితే గంట బాగా చేయించండి" అని రాజుగారు గుర్రమెక్కాడు.

ఊరంతా గురవాచారి వైపు తిరిగింది.

ఆ దేశంలో ఒక ఆచారం ఉంది. గంటను ఎవరు చేస్తే వాళ్ల పేరు దాని అంచు చుట్టూ చెక్కుకోవచ్చు. గురవాచారి అప్పటిదాకా చెంబులు చేశాడు, గిన్నెలు చేశాడు, కాళ్లకు మువ్వలు చేశాడు. పెద్ద గంట ఎన్నడూ చేయలేదు. గంట అంచు మీద తన పేరు! ఆ తలపుకే అతని మొహం మీది చిరాకు ఒక్క క్షణం మాయమైంది. బంగారమ్మ చూసి, "ఒంట్లో బాగానే ఉందా?" అని అడిగింది.

ఇక్కడ మీకు ఒక సంగతి చెప్పాలి. గంట ఎలా చేస్తారో తెలుసా? ముందు మైనంతో గంట చేస్తారు. దాని మీద, లోపలా బయటా, మట్టి మెత్తుతారు. ఆ మట్టిని కాలిస్తే లోపలి మైనం కరిగి కారిపోతుంది. అప్పుడు లోపల గంట ఆకారంలో ఖాళీ మిగులుతుంది కదా, ఆ ఖాళీలో కరిగిన కంచు పోస్తారు. మైనం ఎలా ఉంటే గంట అలాగే వస్తుంది. ఇది గుర్తుపెట్టుకోండి.

సరే. గురవాచారి కొట్టంలో మైనం ముద్ద ముందు కూర్చున్నాడో లేదో, పోలయ్య పదిమందిని వెంటబెట్టుకుని వచ్చాడు.

"ఆచారీ, ఊరి గంట కదా, నిన్నొక్కణ్ణే కష్టపెట్టడం న్యాయం కాదు. తలా ఓ చెయ్యి వేస్తాం."

వాళ్లు మంచి మనసుతోనే వచ్చారు. కాదనడానికి గురవాచారికి నోరు రాలేదు.

కుమ్మరి కోటమ్మ మైనం అందుకుని, "మూతి వెడల్పుగా ఉండాలయ్యా. నా బానల మూతి చూడు, ఎంత అందమో!" అని మూతిని సాగదీసింది.

తాళ్లు పేనే ముసలాయన, "నడుము సన్నంగా ఉండాలి. లేకపోతే తాడు ఎక్కడ కట్టమంటావ్?" అని నడుము నొక్కాడు.

పోలయ్య, "ఏదైనా గానీ, ఎత్తుగా ఉండాలి. రాజుగారు వస్తున్నారు" అని నెత్తి మీద ఇంకో ముద్ద పెట్టాడు.

ఇంకొకరు చేప బొమ్మ అతికించారు. చేప ఉంటే పీత ఎందుకుండకూడదని మరొకరు పీత అతికించారు. ఆఖరికి అంచు మీద ఎవరి పేరు ముందుండాలని ఒకటే గొడవ. అందరి పేర్లూ పట్టక అంచును ఇంకాస్త పెంచారు.

గురవాచారి ఒక మూల నిలబడి చూస్తున్నాడు. అతని చిరాకు మళ్లీ తిరిగొచ్చింది.

పాత గంట కంచునే కరిగించి పోతపోశారు. పదిమంది ఉన్నారు కదా, పోత హుషారుగా సాగింది. మట్టి పగలగొట్టి చూస్తే ఏముంది? గుమ్మడికాయకు టోపీ పెట్టినట్టు ఒక వస్తువు బయటికొచ్చింది.

పోలయ్య గొప్పగా సుత్తి ఎత్తి కొట్టాడు.

"దబ్!"

అంతే. ఇంకేమీ రాలేదు. చెట్టు మీది కాకి కూడా ఎగరలేదు.

"ఇంకోసారి కొట్టు, సిగ్గుపడుతోందేమో" అన్నాడు తాళ్ల ముసలాయన.

"దబ్!"

పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వారు. "బాన అయితే పనికొచ్చేది" అంది కోటమ్మ నెమ్మదిగా. "మూతి మాత్రం నిజంగా బాగుంది."

గురవాచారికి నవ్వు రాలేదు. "అయ్యలారా, అమ్మలారా, మీకు దండం. ఇక ఈ గంట సంగతి నాకు వదిలేయండి. మైనం నేనే చేస్తాను. మట్టి నేనే మెత్తుతాను. కంచు నేనే పోస్తాను. ఎవరూ ఈ గడప తొక్కొద్దు!"

అని కొట్టం తలుపు మూసి గడియ పెట్టుకున్నాడు.

*

తలుపు మూసుకున్న కొట్టంలో గురవాచారికి ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

ఎవరికీ ఏదీ విడమరిచి చెప్పనక్కర్లేదు. "ఇదెందుకిలా?" అని అడిగేవాళ్లు లేరు. వేళ్లు వెళ్లిన దారిన మైనం వచ్చింది. ఒకచోట వంపు తప్పితే, మాట్లాడకుండా చెరిపి మళ్లీ దిద్దుకున్నాడు. తప్పూ తనదే, దిద్దుబాటూ తనదే. ఎవరినీ నొప్పించాల్సిన పని లేదు. చిన్నప్పుడు తండ్రి పక్కన కూర్చుని మొదటి మువ్వ చేసిన రోజు ఎలా ఉందో, అలా ఉంది. తనకు తెలియకుండానే కూనిరాగం తీశాడు.

బయట గోడ పక్కన చేటలో బియ్యం ఏరుకుంటున్న బంగారమ్మకు ఆ రాగం వినబడింది. ఆమె ఏరడం ఆపి, వింటూ కూర్చుంది. పెళ్లయ్యాక ఆయన పాడగా వినడం ఆమెకు అదే మొదలు.

మైనపు గంట తయారైంది. విచ్చీ విచ్చని తామర మొగ్గను తలకిందులుగా పెట్టినట్టుంది. ఎక్కడా ఒక్క అతుకు లేదు, ఒక్క మచ్చ లేదు. అంచు చుట్టూ పెద్ద పెద్ద అక్షరాలతో చెక్కాడు: గురవాచారి చేసిన గంట.

పిల్లలూ, ఇక్కడితో ఆగి తలుపు తీసి ఉంటే, మన కథ కూడా ఇక్కడితో అయిపోయేది. కానీ ఒంటరిగా చేసిన పని అంత బాగా వచ్చేసరికి, ఇక అన్నీ ఒంటరిగానే చేయవచ్చని అతనికి అనిపించింది.

మట్టి మెత్తి, కాల్చి, మైనం కరిగించాడు. గొయ్యి తీసి అచ్చును పాతాడు. ఇక ఆ దబ్ గంటను ముక్కలు చేసి కంచు కరిగించాలి. కంచు కరిగించే మట్టి కుండను మూస అంటారు. అంత గంటకు నాలుగు మూసల కంచు కావాలి. నాలుగు మూసలకు నాలుగు కొలుములు. ఒక్కో కొలిమికి ఒక తిత్తి. గాలి ఊదుతూ ఉంటేనే నిప్పు రాజుకుంటుంది.

గురవాచారికి ఉన్నవి రెండే చేతులు.

ఈ కొలిమి దగ్గర ఊదేసరికి ఆ కొలిమి చల్లారేది. ఆ కొలిమి రగిలించేసరికి ఇది బూడిదయ్యేది. ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు. పంచె ఎగ్గట్టి, చెమటలు కక్కుతూ, కుందేలులా గంతులు వేశాడు. బంగారమ్మ తలుపు సందులోంచి, "నేను రానా?" అంది.

"గడప తొక్కొద్దన్నానా!"

"తొక్కలేదయ్యా. గడప ఇవతలే ఉన్నా. చూస్తున్నా, అంతే. బాగుంది చూడ్డానికి."

ఎలాగైతేనేం, మొదటి మూస ఎత్తి అచ్చులో పోశాడు. పరుగెత్తి రెండోది తెచ్చేసరికి మొదటి కంచు మీద మీగడ కట్టినట్టు తెట్టె కట్టింది. మూడోది తెచ్చేసరికి రెండోదీ అంతే. అయినా నాలుగూ పోశాడు. చల్లారాక మట్టి పగలగొట్టి, నున్నగా తోమాడు. తెట్టె కట్టిన చోట్ల వెంట్రుకంత గీతలు ఉన్నాయి గానీ, తోముతూ తోముతూ వాటిని కనబడకుండా చేశాడు.

చూడ్డానికి గంట కళ్లు చెదిరేలా ఉంది. సుత్తితో కొట్టాడు. "కిణ్ణ్!" అంది. తీయగా, సన్నగా, గాజులు తాకినట్టు. అతని కళ్లు చెమర్చాయి.

"ఆహా! ఇదీ గంటంటే" అని తనకు తానే చెప్పుకున్నాడు. అక్కడ చెప్పడానికి ఇంకెవరూ లేరు మరి.

గంటను గట్టు మీదికెక్కించారు. ఊరంతా చూసి ముక్కున వేలేసుకుంది. "ఆచారీ, మమ్మల్ని ఎందుకు బయటికి తోశావో ఇప్పుడర్థమైందయ్యా" అన్నాడు పోలయ్య నిండు మనసుతో.

ఆ మర్నాడు బంగారమ్మ చెల్లెల్ని చూడడానికి ఏరు సముద్రంలో కలిసే మొగ అవతలి ఊరికి వెళ్లింది. పోలయ్యే పడవలో తీసుకెళ్లాడు. తిరిగి వచ్చే పొద్దున, మాఘం ఇంకా రాకముందే, తొలి మంచు దిగింది.

ఒడ్డున గురవాచారి సుత్తి అందుకున్నాడు. కొట్టాడు, కొట్టాడు, భుజాలు పీకేదాకా కొట్టాడు. కిణ్ణ్, కిణ్ణ్, కిణ్ణ్! ప్రతి దెబ్బా అతని చెవిలో తేనె పోసినట్టుంది. "ఎంత చక్కగా వినబడుతోంది! కళ్లు మూసుకుని కూడా వచ్చేయవచ్చు" అనుకున్నాడు.

పొద్దెక్కాక, మంచు విడుతుండగా, పడవ వచ్చింది. ఒక పక్క చెక్క ఊడిపోయి వేలాడుతోంది. పోలయ్య చేతిలో సగం తెడ్డే ఉంది. బంగారమ్మ నెత్తి నుంచి కాళ్ల దాకా తడిసి ముద్దయి, పడవలోంచి దిగింది.

గురవాచారి గట్టు దిగి పరుగెత్తాడు. "ఏమైందే?"

"ఏమవుతుంది? నల్లబండను ఒకసారి పలకరించి వచ్చాం" అంది బంగారమ్మ పళ్లు టకటకలాడుతుండగా. "చెల్లెలిచ్చిన చింతపండు బుట్టంతా సముద్రంలో పడింది. ఇవాళ చేపలన్నీ పులుసు తాగుతాయి. అది సరే, నువ్వు గంట ఎందుకు కొట్టలేదు?"

"కొట్టలేదా! చేతులు చూడు, బొబ్బలెక్కాయి!"

పోలయ్య, బంగారమ్మ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఆచారీ, మాకు ఒక్క దెబ్బ కూడా వినబడలేదు" అన్నాడు పోలయ్య.

గురవాచారి గంట వైపు చూశాడు. ఎండ పడి అది తళతళ మెరుస్తోంది. అప్పుడు అతనికి తట్టింది. గంట చేశాడు, తోమాడు, మోగించాడు, విన్నాడు. అన్నీ గంట పక్కనే నిలబడి చేశాడు. ఆ మోత ఎంతదూరం పోతుందో తెలుసుకోవాలంటే దూరాన ఇంకొకరు నిలబడాలి. ఒక్క మనిషి గంట కొడుతూ, నల్లబండ దగ్గర నిలబడి వినలేడు కదా!

బంగారమ్మ కొంగు పిండుకుంటూ, కోపంగా కాకుండానే అంది. "ఒక్కడివే చేస్తానన్నావు. చేశావు. ఒక్కడివే వినుకో."

ఆ మాట గురవాచారికి సుత్తి దెబ్బకన్నా గట్టిగా తగిలింది. గంట అంచు మీద తన పేరున్న అక్షరాలు ఎంత పెద్దవో అప్పుడు మొదటిసారి చూశాడు.

*

మాఘపౌర్ణమి దగ్గరపడుతోంది. జాలరుల ఇళ్లలో అప్పుడే నాగళ్ల మాట వినిపిస్తోంది.

గురవాచారి గంటను దించి ముక్కలు చేశాడు. తరవాత తానుగా ఎప్పుడూ చేయని పని ఒకటి చేశాడు. పోలయ్య ఇంటికి వెళ్లి, అరుగు మీద కూర్చున్నాడు. పోలయ్య వల బాగుచేసుకుంటున్నాడు.

"పోలయ్యా, ఒక మాట అడగాలి."

"నువ్వు అడగడమా!" పోలయ్య చేతిలో వల కిందపెట్టాడు. "అడుగు, అడుగు."

"మంచులో ఉన్నప్పుడు మీకు ఎలాంటి శబ్దం వినబడుతుంది?"

"అదా! సన్నటి శబ్దాన్ని మంచు మింగేస్తుందయ్యా. ఆడవాళ్ల కేకలు రావు, పిల్లల ఈలలు రావు. బొంగురు శబ్దమైతే వస్తుంది. మా వీధి ఎద్దు రంకె వేస్తే నల్లబండ దాకా వినబడుతుంది. ఈ సంగతి నీకు తెలియదా?"

"నేనెప్పుడైనా మంచులో సముద్రం మీదికి వెళ్లానా? ముందే చెప్పొచ్చు కదా!"

"తలుపు మూసుకున్నావు కదయ్యా. గోడకు చెప్పమంటావా?"

ఇద్దరూ ఒక్కసారి పకపకా నవ్వారు. గురవాచారి నవ్వు విని పోలయ్య భార్య వంటింట్లోంచి తొంగిచూసింది.

ఆ తరవాత గురవాచారి కోటమ్మ దగ్గరికి వెళ్లాడు. "అమ్మా, మట్టి సంగతి నాకన్నా నీకే బాగా తెలుసు. పోతకు పగలని మట్టి నువ్వు కలిపిపెట్టాలి." కోటమ్మకు ఆనందంతో మాట రాలేదు. అలా జరగడం ఆ ఊళ్లో ఎవరూ ఎరుగరు.

అందరినీ అడిగి, అందరి మాటా విని, ఆపైన కొట్టం ముందు నిలబడి గట్టిగా చెప్పాడు.

"వినండి. మైనం పని నేనొక్కణ్ణే చేస్తాను. ఈ తలుపు మూసి ఉన్నప్పుడు ఎవరూ రావొద్దు. తెరిచినప్పుడు ఎవరూ రాకుండా ఉండొద్దు!"

తలుపు మూశాడు. లోపలినుంచి కూనిరాగం వినబడింది. ఊరంతా ఆ కొట్టం పక్కనుంచి మునివేళ్ల మీద నడిచింది. ఈసారి అతను తామర మొగ్గను తలుచుకోలేదు. ఎద్దు రంకెను తలుచుకున్నాడు. అంచును మందంగా, పొట్టను లోతుగా పెట్టాడు. అందం తగ్గిందా అంటే తగ్గలేదు. ఇంకో రకం అందం వచ్చింది.

తలుపు తెరుచుకుంది. ఊరంతా బిలబిలమంటూ వచ్చింది. చూస్తే అంచు నున్నగా ఉంది. దాని మీద ఏమీ రాసి లేదు.

"పేరు మరిచిపోయావా ఆచారీ?" అన్నాడు తాళ్ల ముసలాయన.

"మరవలేదు. తిత్తి ఊదేవాళ్లు, మట్టి కలిపేవాళ్లు, మూస మోసేవాళ్లు, దూరాన నిలబడి వినేవాళ్లు, ఒక్కొక్కరూ వచ్చి ఈ అంచు మీద బొటనవేలు నొక్కండి. అంచు మీ అందరిది. నడుము మాత్రం నాది. నడుము మీద చెయ్యి వేస్తే ఊరుకోను, ముందే చెబుతున్నా!"

అందరూ నవ్వుతూ వరసలో నిలబడ్డారు. ఒక్కొక్క బొటనవేలు మెత్తటి మైనంలో ఒక్కొక్క ముద్ర వేసింది. కోటమ్మ వేలు పొరపాటున నడుము వైపు వెళ్లబోతే పదిమంది "ఏయ్!" అన్నారు.

పోత రోజు నాలుగు కొలుముల దగ్గర నలుగురు తిత్తులు పట్టుకున్నారు. మూసలు ఎత్తడానికి ఒక్కొక్క దానికి ఇద్దరిద్దరు. గురవాచారి గొయ్యి పక్కన నిలబడ్డాడు.

"మొదటి మూస చివరి చుక్క పడకముందే రెండో మూస మొదటి చుక్క పడాలి. ఎలా?" అన్నాడు.

"వల లాగినట్టే కదయ్యా!" అన్నాడు పోలయ్య. "మేం రోజూ చేసే పనే. నువ్వు పాట ఎత్తు, మేం అందుకుంటాం."

"నేనా? పాటా?"

"కొట్టంలో పాడేది మా వదినెకొక్కదానికే వినబడుతుందనుకున్నావా?" అంది పోలయ్య భార్య, బంగారమ్మ వైపు చూస్తూ. ఊరంతా గొల్లుమంది.

గురవాచారి మొహం కొలిమి రంగుకు తిరిగింది. కానీ పాట ఎత్తాడు. "హైలెస్సా!" అన్నాడు అతను. "హైలెస్సా!" అన్నారు మిగతావాళ్లు. ఆ తాళానికి కాళ్లు కదిలాయి, ఆ తాళానికి మూసలు వంగాయి. ఎక్కడ ఆపాలో, ఎక్కడ పోయాలో చెప్పే గొంతు మాత్రం ఒక్కటే, గురవాచారిది. కోటమ్మకు మధ్యలో ఒక సలహా వచ్చింది. రెండు చేతులతో నోరు మూసుకుంది. ఎర్రటి కంచు, తెగని ధారగా, ఒక్క మూసలోంచే పోసినట్టు అచ్చులోకి దిగింది.

గంట చల్లారాక దాన్ని గట్టు మీదికి ఎక్కించారు. మబ్బూ మంచూ లేని ఒక పూట బంగారమ్మ సుత్తి పట్టుకుంది. పడవలు అన్ని వైపులా వెళ్లి నిలబడ్డాయి. మోత బాగా వినబడితే తెల్లగుడ్డ ఊపాలి, లేకపోతే ఊపకూడదు. గుడ్డ ఊగని పడవ ఉంటే గురవాచారి గంట లోపలికి దూరి, మోత ఇంకాస్త బొంగురెక్కేలా కాస్త కాస్త గీకేవాడు. గీకాక మళ్లీ కొట్టేవారు. అన్ని పడవల మీదా తెల్లగుడ్డలు రెపరెపలాడేదాకా గీకాడు.

*

మాఘపౌర్ణమి వచ్చింది. రాజుగారూ వచ్చాడు. ఆయనతో పాటు మంచు కూడా వచ్చింది, ఆ ఏడాది అంతటిలోకీ దట్టమైన మంచు.

"ఒడ్డున నిలబడి వింటే ఏం తెలుస్తుంది? నేనే పడవెక్కుతాను" అన్నాడు తరంగసేనుడు. మంత్రులు వద్దని మొత్తుకున్నారు. "గంట చేసిన ఆచారి కూడా నాతో ఎక్కాలి" అన్నాడు.

గురవాచారి అప్పటిదాకా సముద్రం మీదికి వెళ్లి ఎరగడు. రెండు చేతులతో పడవ అంచు గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. పోలయ్య చుక్కాని పట్టాడు. నల్లబండ అవతలికి వెళ్లి పడవ ఆగింది. చుట్టూ తెలుపు. ఒడ్డు లేదు, బండ లేదు, పక్కనే కూర్చున్న రాజుగారి కిరీటం కూడా సగమే ఉంది. ఎక్కడో దగ్గరలో బండకు అలలు కొట్టుకుంటున్న చప్పుడు. ఏ పక్కనో తెలియదు.

"ఏదయ్యా నీ గంట?" అన్నాడు రాజుగారు మెల్లగా.

గురవాచారి మంచులోకి చెవి ఒగ్గాడు. "బంగారూ, కొట్టవే" అనుకున్నాడు లోపల.

అప్పుడు వచ్చింది.

"భమ్మ్‌మ్‌మ్..."

మంచును తోసుకుంటూ, నీళ్ల మీద దొర్లుకుంటూ, పడవ చెక్కల్లోకీ, ఒంటి ఎముకల్లోకీ వచ్చింది. ఒకటి ఆగకముందే ఇంకొకటి. గురవాచారి తను చేసిన గంటను దూరం నుంచి వినడం అదే మొదటిసారి. అది తనదే అని తెలుసు. కానీ తన చేతులకన్నా చాలా పెద్దదిగా ఉంది.

"అదిగో, ఇల్లు పిలుస్తోంది" అన్నాడు పోలయ్య. మోత వచ్చే దిక్కుకు పడవ తిప్పాడు. నల్లబండ ఎడమ పక్కగా, నురగలు కక్కుతూ, దూరంగా తప్పుకుంది. కాసేపటికి పడవ అడుగున ఇసుక రాసుకుంది. ఊరి కేకలు వినబడ్డాయి.

ఒడ్డున బంగారమ్మ చీర కొంగు నడుముకు బిగించి ఇంకా కొడుతూనే ఉంది. "ఇక చాలే!" అని అరిచాడు గురవాచారి.

"ఎంతదూరం వినబడింది?"

"రాజుగారి కిరీటం ఊగింది!"

రాజుగారు నవ్వుతూ దిగాడు. "గవ్వలపేట ఇక్కడే ఉంటుంది. నాగళ్లు మెట్టవాళ్లకే ఉంచండి" అన్నాడు. ఊరంతా ఎగిరి గంతులేసింది. ఆయన గంట దగ్గరికి వెళ్లి అంచు చుట్టూ తిరిగి చూశాడు. "పేరేదయ్యా? అన్నీ వేలిముద్రలే ఉన్నాయి!"

"అవే పేర్లు ప్రభూ" అన్నాడు గురవాచారి.

రాజుగారు ఆ ముద్రలను ఒక్కొక్కటిగా తడిమి చూశాడు. తరవాత తన బొటనవేలు చాపి, "నాదీ ఒకటి పడుతుందా?" అని అడిగాడు.

"కంచు చల్లారిపోయింది మహారాజా" అంది బంగారమ్మ. "పోత రోజు వచ్చి తిత్తి ఊది ఉంటే, ఒక చోటు ఉంచేవాళ్లం."

మంత్రులు హడలిపోయారు. రాజుగారు మాత్రం పడీపడీ నవ్వాడు. "వచ్చే గంటకు తప్పక వస్తాను. తిత్తి నాకే ఉంచండి!"

అందరూ పాయసాలకు వెళ్లాక బంగారమ్మ గంట కిందికి వంగి లోపలికి చూసింది. పైన, నెత్తి లోపలి భాగంలో, ఎవరికీ కనబడని చోట, ఒకే ఒక్క వేలిముద్ర ఉంది.

"ఇదెవరిదయ్యా, ఒంటరిగా ఉంది?"

"నాదే" అన్నాడు గురవాచారి. "తలుపు మూసి చేసిన పనికి అది. తెరిచి చేసిన పనికి అంచు మీద అందరివీ."

అతని మొహం మీద ఇప్పుడు చిరాకు లేదు, ఆలోచనే ఉంది. ఆ ఆలోచన చూసి పిల్లలెవరూ దడుచుకోలేదు.

చూశారా పిల్లలూ, ఒక్కరే కూర్చుంటే పనికి ఒక రూపం వస్తుంది, పదిమందీ కలిస్తే ఆ పని దూరం పోతుంది. తలుపు ఎప్పుడు మూయాలో, ఎప్పుడు తెరవాలో తెలుసుకున్నవాడే మంచి పనివాడు.